ఏడాది కష్టం... ఒక్క పెట్టు!

'కుమ్మరికి ఏడాది... గుదియకు ఒక పెట్టు' అన్నారు పెద్దలు. ఏడాదంతా కష్టపడి చేసిన కుండలు పగలడానికి ఒక్క దెబ్బ చాలు. అయితే ఆ ఒక్క దెబ్బ కోసమే నెలల తరబడి కష్టపడేవాళ్లూ ఉన్నారు. తెర మీద పేలిపోయే అంతరిక్ష నౌకల్ని తయారుచేసేవాళ్లు! వాళ్ల పనితనం అర్థం కావాలంటే హాలీవుడ్‌కి వెళ్లేముందు ఓసారి నిర్మల్‌లో ఆగాలి.

నిర్మల్ బొమ్మల దుకాణంలో కొయ్య మామిడిపండును మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు చిన్నగా ఉలిక్కిపడతారు. కంటికి నిండుగా, బరువుగా కనిపించిన పండు చేతికి దూదిలా తగులుతుంది. ఆ కిటుకంతా పొనికి చెక్కది. అడవిలో దొరికే ఈ మెత్తటి కర్రను ఆరబెట్టి, ముక్కలుగా కోసి, ఉలితో చెక్కుతారు. కొమ్ములూ తోకలూ కాళ్లూ విడివిడిగా చేసి అతికిస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు పూడుస్తారు. పైన తెల్లమట్టి పూత, ఆ తర్వాత రంగులు. ఇన్ని పొరలు పడ్డాక అది చెక్క అన్న సంగతి కన్ను మరిచిపోతుంది. చెయ్యి మాత్రమే నిజం చెబుతుంది.

నిర్మల్ బొమ్మకీ హాలీవుడ్ నౌకకీ చుట్టరికం ఏమీ లేదు. సూత్రం మాత్రం ఒకటే. చూడ్డానికి బరువుగా ఉండాలి, నిజానికి తేలిగ్గా ఉండాలి. సినిమా నౌకకు ఇంకో షరతు కూడా ఉంది. సమయం వచ్చినప్పుడు అందంగా బద్దలవ్వాలి!

చిన్నది... పెద్దగా కనపడాలి

సినిమావాళ్లు వీటిని మినియేచర్లు అంటారు. పేరు చూసి అరచేతిలో ఇమిడే బొమ్మలనుకుంటే పొరపాటే. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లోని డిస్కవరీ నౌకకు చేసిన పెద్ద నమూనా పొడవు 54 అడుగులు. కెమెరా దగ్గరికి వెళ్లినప్పుడు కూడా అది బొమ్మ అని తెలియకూడదు కాబట్టి అంత పెద్దది కావాల్సి వచ్చింది.

ఒక వస్తువు ఎంత పెద్దదో కన్ను ఎలా పోల్చుకుంటుంది? దాని మీద ఉన్న చిన్నచిన్న వివరాలను బట్టి. నున్నటి గోడ అయితే అడుగో, ఆమడో తేల్చుకోలేం. అదే గోడకు వందల కిటికీలు, గొట్టాలు, నిచ్చెనలు ఉంటే 'అబ్బో, ఎంత పెద్దదో' అనిపిస్తుంది. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' కోసం పనిచేసిన కుర్రాళ్లు దీనికో దారి పట్టారు. దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ కిట్లు కొనుక్కొచ్చి యుద్ధ ట్యాంకుల చక్రాలు, విమానాల రెక్కలు, ఓడల విడిభాగాలు ఏరి నౌకల ఒంటినిండా అతికించారు. తెర మీద చూసినవాళ్లకు అవన్నీ ఏవో అంతుచిక్కని యంత్రాలు.

ఈ మాయ తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' కోసం 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న చోట 300 బుల్లి ఇళ్లు కట్టి ద్వారకా నగరాన్ని నిలబెట్టారు. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్‌లే. ఇప్పుడు చూసినా అది నగరమే అనిపిస్తుంది తప్ప బొమ్మల కొలువు అనిపించదు.

పగలడం కోసం కట్టడం

చూపించడానికి కట్టే నమూనా వేరు, పేల్చడానికి కట్టే నమూనా వేరు. మొదటిది దృఢంగా ఉండాలి. షూటింగు సాగినన్నాళ్లూ చేతులు మారుతుంది, దీపాల వేడికి కాగుతుంది. రెండోది దానికి పూర్తిగా వ్యతిరేకం. గట్టి చెక్కతోనో, మందపాటి రేకుతోనో చేస్తే మందు పేలినప్పుడు నాలుగు పెద్ద చెక్కలుగా విడిపోయి ఊరుకుంటుంది. చూసేవాళ్లకు పెట్టె పగిలినట్టు ఉంటుంది తప్ప నౌక పేలినట్టు ఉండదు. అందుకే పలుచటి రేకులు, సుద్దలాంటి పెళుసు పదార్థాలు, తేలికపాటి చెక్క వాడతారు. ఎక్కడ చీలాలో అక్కడ లోపలివైపు ముందే గాట్లు పెడతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పైతొక్క ఎగిరిపోగానే లోపల ఏముందో కనపడుతుంది. డొల్లగా కనపడితే గుట్టు రట్టయినట్టే. అందుకని ఎవరూ చూడని లోపలి అంతస్తులు, దూలాలు, గొట్టాలు కూడా ఓపిగ్గా అమర్చాలి. తెర మీద అవి కనపడేది రెప్పపాటు!

1984లో వచ్చిన మూడో 'స్టార్ ట్రెక్' సినిమాలో ఎంటర్‌ప్రైజ్ నౌక నాశనం కావాలి. అసలు నమూనా ఎంతో ఖరీదైనది. దాన్ని ముట్టుకోకుండా పేల్చడానికి వేరే చవక నమూనాలు, విడివిడి భాగాలు చేశారు. నౌక పైకప్పు కరిగిపోయే దృశ్యానికి మందుగుండుతో పని పడలేదు. నురుగు ప్లాస్టిక్ మీద ఎసిటోన్ చుక్కలు వేశారు. తగిలిన చోటల్లా అది తనంతట తానే కరిగిపోయింది. విధ్వంసానికి ఎప్పుడూ చప్పుడే అక్కర్లేదన్నమాట.

సెకనును సాగదీసే లెక్క

ఎంత బాగా కట్టినా ఒకటి మాత్రం కళాకారుడి చేతిలో ఉండదు. అది భూమ్యాకర్షణ. 80 మీటర్ల ఎత్తునుంచి ఓ ముక్క కింద పడటానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది. ఆ కట్టడాన్నే 16వ వంతు నమూనాగా చేస్తే ఎత్తు 5 మీటర్లే. అక్కడినుంచి పడటానికి ఒక్క సెకను చాలు. చూసేవాళ్లకు లెక్కలు రాకపోయినా కంటికి తెలిసిపోతుంది... 'ఏదో బొమ్మ టపీమని పడింది' అని.

దీనికి విరుగుడు కెమెరా వేగంలో ఉంది. మామూలుగా సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. నమూనా 16వ వంతైతే 16కు వర్గమూలం 4. అంటే నాలుగు రెట్ల వేగంతో, సెకనుకు 96 ఫ్రేములు తీయాలి. 25వ వంతైతే అయిదు రెట్లు, 120 ఫ్రేములు. అలా తీసినదాన్ని మామూలు వేగంతో ఆడిస్తే ఒక్క సెకను పేలుడు నాలుగైదు సెకన్లు సాగుతుంది. చిన్న ముక్కలు కొండరాళ్లంత బరువుగా కదులుతాయి. వేగం పెరిగేకొద్దీ ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు తగ్గుతుంది కాబట్టి దీపాలు కూడా అన్ని రెట్లు పెంచాలి.

లెక్కకు లొంగనివీ ఉన్నాయి. మంట, పొగ, నీటిచుక్క... వీటిని 16వ వంతుకు కుదించడం ఎవరివల్లా కాదు. నమూనా మరీ చిన్నదైతే దాని మీద మంట కొవ్వొత్తి మంటలా కనపడుతుంది. పేల్చే నమూనాలు సాధ్యమైనంత పెద్దగా కట్టేది అందుకే.

కెమెరా కింద... పేలుడు పైన

అంతరిక్షంలో 'కింద' అనేదే ఉండదు. ముక్కలు అన్ని వైపులకూ ఎగిరిపోవాలే తప్ప నేల మీద పడకూడదు. 'స్టార్ వార్స్'లో డెత్ స్టార్‌ను పేల్చిన మందుగుండు నిపుణుడు జో విస్కోసిల్ తెలివిగా కెమెరాను కింద పెట్టి, పైకి చూస్తూ తీయించారు. పేలుడు నెత్తిమీద జరిగింది. కింద పడుతున్న ముక్కలు కెమెరా వైపు దూసుకొస్తున్నట్టు, అంటే ప్రేక్షకుడి మీదికే వస్తున్నట్టు కనిపించాయి.

అదే విస్కోసిల్ 1996లో వచ్చిన 'ఇండిపెండెన్స్ డే'లోనూ పనిచేశారు. గ్రహాంతరవాసుల నౌక కిందినుంచి వైట్‌హౌస్ పేలిపోయే దృశ్యం ఆ రోజుల్లో ప్రపంచమంతా మారుమోగింది. అది 12వ వంతు నమూనా. ఒకేసారి పేలేది కాబట్టి రీటేక్ అన్న మాటే లేదు. ఒక కెమెరా మొరాయిస్తే? అందుకే వేర్వేరు వేగాలతో నడిచే తొమ్మిది కెమెరాలు చుట్టూ పెట్టారు. ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అందుకున్న నలుగురిలో విస్కోసిల్ ఒకరు.

ఆ క్షణంలో మీట నొక్కే మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించుకోవచ్చు. నమూనా చేసినవాళ్లు కూడా పక్కనే నిలబడి ఉంటారు. పేలుడు సరిగ్గా కుదిరితే నెలల కష్టం బూడిదవుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కుదరకపోయినా బూడిదే అవుతుంది, చప్పట్లు మాత్రం ఉండవు.

మౌస్ వచ్చాక...

ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ పేల్చుకోవచ్చు. మీట దగ్గర గుండెదడ లేదు. నమూనాలు చేసే కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తెలుగులో సంకల్ప్ రెడ్డి 2018లో తీసిన 'అంతరిక్షం' కోసం నౌక లోపలి భాగాలకు సెట్లు వేసి, నటీనటులను తాళ్లతో వేలాడదీసి, మిగతా పని గ్రాఫిక్స్‌కు అప్పగించారు.

అయినా పాత విద్య పూర్తిగా పోలేదు. 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్' కోసం ఎండ్యూరెన్స్ నౌకను 15వ వంతు కొలతతో, 25 అడుగుల వెడల్పున కట్టారు. నిజమైన వస్తువు మీద నిజమైన వెలుతురు పడినప్పుడు వచ్చే నమ్మకం వేరని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ పట్టుదల. ఆ సినిమాకూ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దక్కింది. 

మిగిలేది ఏమిటి?

పోగొట్టుకోవడానికే తయారుచేయడం మనకు మాత్రం తెలియనిదా! దసరాకు వెదుళ్లూ కాగితాలతో రావణుణ్ని కట్టి, పొట్టనిండా టపాకాయలు కూరి, ఊరంతా చూస్తుండగా అంటిస్తాం. అంతకుముందు రోజుల్లో ఆడపడుచులు పొద్దుటినుంచీ గునుగు, తంగేడు పేర్చి చేసిన బతుకమ్మను సాయంత్రానికి చెరువులో వదిలేస్తారు. 'అయ్యో, పోయిందే' అని ఎవరూ ఏడవరు. వచ్చే ఏడు మళ్లీ పేర్చుకుంటామన్న ధీమా. పేర్చడం చేతులకు తెలుసు, అమ్మనుంచి కూతురికి వచ్చింది.

ఆ ధీమా ఉన్నంతవరకే పోవడం వేడుక. అది లేకపోతే పోవడం పోవడమే. '2001' సినిమాలోని ఏరీస్ నౌక నమూనా ఒకటి ఎలాగో బతికి బట్టకట్టి 2015లో వేలానికి వస్తే, ఆస్కార్ అకాడమీ 3,44,000 డాలర్లు పెట్టి కొనుక్కుంది. చేసే చేతులు తగ్గిపోయినప్పుడు మిగిలినదాని ధర అలాగే పెరుగుతుంది.

నిర్మల్‌లోనూ ఇదే బెంగ. 1955లో సహకార సంఘంగా ఒక్కటైన కళాకారుల కుటుంబాలివి. బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో ఊరు జిల్లా కేంద్రమైంది. కానీ అడవిలో పొనికి చెట్టు తగ్గిపోతోంది. ఉలి పట్టే పిల్లలూ తగ్గిపోతున్నారు. దుకాణంలో బొమ్మ పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు... చెట్టూ, చెయ్యీ ఉన్నంతకాలం.

ఈసారి నిర్మల్ మీదుగా వెళ్తే బండి ఆపి ఆ కొయ్య మామిడిపండును ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. తెర మీద నౌక పేలినప్పుడల్లా ఆ తేలికదనం గుర్తొస్తుంది. దాని వెనకున్న బరువు కూడా.