చప్పని సంగతుల బేరం

గోళీలు మార్చుకోవటం మీకు తెలుసు. తపాలాబిళ్ళలు మార్చుకోవటమూ తెలుసు. సంగతులు మార్చుకునే ఆట ఎప్పుడైనా ఆడారా? దీనికి పెట్టుబడి అక్కర్లేదు. గోళీ ఇస్తే అది మీ జేబులోంచి పోతుంది. సంగతి ఇస్తే మీ దగ్గరా వుంటుంది, మీ నేస్తం దగ్గరా వుంటుంది. ఇట్లాంటి వర్తకం అంగడిలో ఏ షావుకారూ చెయ్యలేడు.

ఆటకు ఒకటే షరతు: చెప్పే సంగతి చప్పగా వుండాలి. ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువు నీలి తిమింగలం అని చెప్పారనుకోండి, అది అందరికీ తెలిసినదే, ఎవరూ కొనరు. వినగానే "ఓస్, ఇంతేనా!" అనిపించాలి. కాసేపటికి "అవునూ, అట్లా ఎందుకయింది?" అనిపించాలి. అదీ మంచి సరుకు.

బాన్సువాడ పిల్లలకు ఇట్లాంటి సరుకు గుమ్మంలోనే వున్నది. ఉత్తరం మీద రాసే పిన్‌కోడ్ చూడండి: 503187. ఇంతకన్న చప్పని సంగతి మరొకటి వుంటుందా? కాని మొదటి అంకె 5 ఎందుకయింది? తపాలావారు దేశాన్ని మండలాలుగా విభజించి, మన తెలుగు ప్రాంతానికీ కర్ణాటకకూ 5 అంకె ఇచ్చారు. ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలయింది. దీన్ని తయారుచేసిన ఉద్యోగి శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన సంస్కృతంలో కవిత్వమూ నాటకాలూ రాసిన పండితుడు కూడాను. దేశంలో ఒకే పేరుగల ఊళ్ళు అనేకం వున్నవి; చిరునామాలు రాసే భాషలూ అనేకం. ఊరి పేరు చూసి ఉత్తరం పంపితే అది ఎక్కడ తేలుతుందో చెప్పలేము.

ఆ మాటకు వస్తే, బాన్సువాడకే ఒక జంట ఊరు వున్నది! రాజస్థాన్‌కు దక్షిణపు కొసన బాన్స్‌వాడా అనే పట్నం వున్నది. ఇంగ్లీషులో రాసినప్పుడు రెండు పేర్లకూ ఒక్క అక్షరమే తేడా. దాని పిన్‌కోడ్ 327001.

ఇప్పుడు అట్లాసు తీయండి. ఆ ఊరికి దగ్గరలో మహీ నది మీద ఒక పెద్ద ఆనకట్ట వున్నది. దానికి జమ్నాలాల్ బజాజ్ పేరు పెట్టి "మహీ బజాజ్ సాగర్" అన్నారు. మన బాన్సువాడకు దగ్గరలో మంజీర మీద నిజాంసాగర్ వున్నది. దాన్ని 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. అక్కడా సాగరే, ఇక్కడా సాగరే! అంతటితో అయిపోలేదు. మహీ నది మధ్యప్రదేశ్‌లో పుట్టి, ముందు ఉత్తరంగా పోయి, రాజస్థాన్‌లో వెనక్కు తిరిగి, గుజరాత్ మీదుగా సముద్రం చేరుతుంది. ఇట్లా తిరగటంవల్ల కర్కాటక రేఖను రెండుసార్లు దాటుతుంది. మన మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా సంగారెడ్డి దాకా వచ్చి, అక్కడ మనసు మార్చుకున్నట్టు ఉత్తరానికి తిరుగుతుంది. చివరకు కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. బాన్సువాడ పక్కన అది ఉత్తరంగా పోతున్న నది అన్నమాట.

"నది పైకి ఎట్లా పోతుంది?" అని మీ నేస్తం తప్పకుండా అడుగుతాడు. పటంలో ఉత్తరం పైన వుంటుంది గనక అట్లా కనిపిస్తుంది. పటంలో పైన వున్నది నేల మీద ఎత్తున వుండాలని లేదు. నీరు పల్లమెరుగు అన్నారు గాని, నీరు దిక్కులెరుగు అనలేదు గదా! సంగారెడ్డి నుంచి గోదావరి వేపు నేల వాలుగా వున్నది, అంతే. ఇందులోనే మరొక చప్పని సంగతి వున్నది. హైదరాబాదు నడిబొడ్డున పడిన వాన మూసీలోకి, మూసీ నుంచి కృష్ణలోకి పోతుంది. అక్కడికి 60 కిలోమీటర్లయినా లేని సంగారెడ్డిలో పడిన వాన మంజీర వెంట గోదావరిలోకి పోతుంది.

నా మాట నమ్మవద్దు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఉదయంపూట మంజీర వంతెన మీదికి వెళ్ళి, నీరు పోయేవేపు మొహం పెట్టి నిలబడండి. సూర్యుడు మీ కుడిచేతివేపు వుండాలి. నది ఒంపు తిరిగేచోట కొంచెం తేడా రావచ్చు.

ఇంత సరుకు మీరిస్తే మీ నేస్తం ఊరుకుంటాడా? రోజూ పత్రికల్లో కనిపించే "టి.ఎం.సి." అంటే ఏమిటో చెబుతాడు. నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 2,831 కోట్ల లీటర్లు. నిజాంసాగర్ కట్టినప్పుడు 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టేది. ఏళ్ళ తరబడి ఒండ్రు పేరుకుపోవటంచేత చాలా తగ్గిపోయింది. తరవాత నీటిమట్టం పెంచినా, 17.8 టి.ఎం.సి.ల దాకానే వచ్చింది. బేరం మీకే లాభించిందో, వాడికే లాభించిందో చెప్పటం కష్టం.

ఈ ఆటలో దొంగనాణేలు కూడా వస్తాయి, చూసి తీసుకోవాలి. చంద్రుడి మీదినుంచి చైనా గోడ కనిపిస్తుందని ఎవరైనా ఇవ్వబోతే పుచ్చుకోకండి. మనిషి అంతరిక్షంలోకి పోకముందే ఈ మాట పుట్టింది! 2003లో చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ భూమిని చుట్టివచ్చి, ఆ గోడ తనకు కనిపించలేదన్నాడు. ఆయన చంద్రుడి దాకా పోనైనా పోలేదు. గోడ పొడుగే గాని వెడల్పు కొద్ది గజాలే; రంగు చూస్తే చుట్టూ వున్న నేల రంగే. ఒక్కసారి ఇట్లాంటిది అంటగట్టారంటే, మరునాడు మంజీర సంగతి చెప్పినా మీ దగ్గర ఎవరూ కొనరు.

అన్నిటికన్న మేలైన సరుకు పుస్తకాల్లో కాక, ఇంట్లో తాతయ్యల దగ్గరా అమ్మమ్మల దగ్గరా వున్నది. హైదరాబాదు సంస్థానానికి సొంత రూపాయి వుండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు ఇండియా రూపాయి పేరు కల్దార్. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. ఉప్పు కొన్నా, ఎడ్లు కొన్నా ఈ లెక్క నోటితో చేసినవాళ్ళు ఆరోజుల్లో వుండేవారు. హాలీ రూపాయి 1959 దాకా చెల్లింది. ఆనాటి పదేళ్ళ పిల్లవాడు ఇప్పుడు డెబ్బయి అయిదు దాటిన తాత. ఈ సరుకు దొరికే దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నవి. అందుచేత ఈ నెలలోనే బేరానికి వెళ్ళండి. ఊరికే అడగకండి, మీరు కూడా పిన్‌కోడ్ సంగతో, మంజీర సంగతో ఇచ్చి పుచ్చుకోండి.

పాత పెట్టెలో భూమి కాగితాలు వుంటే చూపించమనండి. వాటి మీద సంవత్సరం "ఫసలీ" అని వుంటుంది. కాగితం ఉర్దూలో వుంటే చదివిపెట్టేవారిని వెతకాలి. అది మరొక బేరం. సంస్థానంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయేది. దానికి 590 కలిపితే అది మొదలయిన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 నాటి కాగితం దొరికితే 590 కలిపి చూడండి. ఆ ఏడు నిజాంసాగర్ పని ఎంతవరకు వచ్చిందో పైన రాసినదాన్ని బట్టి మీరే చెప్పవచ్చు.