అద్దంలో కనబడని కండరాల పక్షాన

మన జిమ్ముల్లో సోమవారం చెస్ట్ డే. ఏ ఊళ్లోనైనా సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి. బెంచ్ దగ్గర కుర్రాళ్లు వరసలో ఉంటారు. స్క్వాట్ ర్యాక్ ఖాళీగా ఉంటుంది, లేదంటే అందులో ఎవరో నిలబడి బైసెప్స్ కొడుతుంటారు. కాళ్లకు నెలకో రోజు, వీపుకు ఓపికుంటే ఒక సెట్టు. దీన్ని బరువుల సాధన అంటే నేను ఒప్పుకోను. ఇది అద్దం ముందు అలంకరణ.

ఆ బెంచ్‌ని కాస్త దగ్గర్నుంచి చూడండి. ఇరవై ఏళ్ల కుర్రాడు బార్‌కి రెండు వైపులా ఇరవై కిలోల ప్లేట్లు రెండేసి ఎక్కిస్తాడు. బార్‌తో కలిపి వంద కిలోలు. దాన్ని కిందికి దించడు, వదిలేస్తాడు. అది రొమ్ము ఎముకకు తగిలి ఎగురుతుంది. పిరుదులు బెంచ్ మీంచి లేస్తాయి, ఒక భుజం ముందు, ఒక భుజం వెనక. తల దగ్గర నిలబడ్డ స్నేహితుడు బార్‌ని రెండు చేతులా పైకి లాగుతూ "నీదే బ్రో, మొత్తం నీదే!" అని అరుస్తాడు. నీది కాదు తమ్ముడూ! కొంత వాడి వీపు లాగింది, కొంత నీ రొమ్ము ఎముక ఎగరేసింది. మిగిలిందే నీ బలం. దాన్ని వంద అని చెప్పుకోవడం అబద్ధం. ఆ అబద్ధానికి పక్కనే నిలబడి చప్పట్లు కొట్టే కోచ్‌ది అంతకన్నా పెద్ద తప్పు.

వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో ఇలాంటివి చెల్లవు. ముగ్గురు రెఫరీలు కూర్చుంటారు. బరువు తలపైకి చేరినా సరే, మోచెయ్యి వంగి, మళ్లీ నెట్టి సరిచేసుకుంటే ఎర్ర లైటు వెలుగుతుంది. ఇద్దరు ఎర్ర లైటు వేస్తే ఎన్ని కిలోలైనా సున్నాయే. అంతెందుకు, 1924 నుంచి 1972 దాకా ఒలింపిక్స్‌లో ప్రెస్ అని ఇంకో ఎత్తు ఉండేది. నిటారుగా నిలబడి, కాళ్ల సాయం లేకుండా బరువును తలపైకి నెట్టాలి. ఇంకో రెండు కిలోలు, ఇంకో రెండు కిలోలు అనే ఆశతో లిఫ్టర్లు నడుం వెనక్కి విరిచి ఎత్తడం మొదలుపెట్టారు. ఏది చెల్లుతుందో రెఫరీలు తేల్చలేకపోయారు, నడుములకు ముప్పన్న భయమూ పెరిగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ఆ ఎత్తునే తీసేశారు. పద్ధతి చెడినందుకు ఒలింపిక్స్ ఒక ఎత్తునే వదులుకుంది. మన కోచ్‌లకు మాత్రం ఒక్క చెడ్డ రెప్పును వదులుకోవడానికి మనసు రాదు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ 110 కిలోలు బైసెప్స్‌తో లేచాయనుకుంటున్నారా? స్నాచ్‌లో బరువును నేల మీంచి పైకి తోసేది తొడలు, పిరుదులు, వీపు. చేతుల వంతు చివర్లో వస్తుంది. మన కుర్రాళ్లు వదిలేస్తున్నవి సరిగ్గా ఆ కండరాలే. అదే నేల మీద ఇప్పుడు జిమ్‌కి వచ్చిన ఆడపిల్లకు రెండు కిలోల డంబెల్ చేతికిచ్చి ట్రెడ్‌మిల్ వైపు చూపిస్తున్నారు. సిగ్గుచేటు!

శరీరమంటే ముందు భాగం ఒక్కటే కాదు. భుజం కీలులో గుంత లోతు తక్కువ, బంతి పెద్దది. ఆ బంతిని గుంతలో నిలబెట్టేవి చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు. వాటి మీద వెలుతురు పడదు, ఫొటోలో కనబడవు. ఛాతీ కండరం చేతిని లోపలికి తిప్పుతుంది. బయటికి తిప్పి కాపాడే బాధ్యత వెనకవాటిది. ముందువాటికి వారానికి ఇరవై సెట్లు, వెనకవాటికి సున్నా పెట్టి, ఆర్నెల్లకు భుజం నొప్పి వచ్చిందంటే తప్పు ఇనుముదా? తొడ వెనక కండరాలూ అంతే. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్‌కి తోడు నిలిచేవి అవి. వాటిని ఎండబెట్టి మోకాళ్లను ఎవరికి అప్పగిస్తున్నారు?

నేల మీంచి బార్ ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో పెద్ద పెద్ద లిఫ్టర్లు కూడా వీపు వంచే లాగుతారు కదా అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల వెనక ఏళ్ల తరబడి మెల్లగా పెంచిన బరువు ఉంది. నీ వెనక మూడు వారాలున్నాయి. పైగా కండరం త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ అంత తొందరగా బలపడదు. ఆ తేడా తెలియని తొందరే కుర్రాళ్లను ఆసుపత్రికి పంపుతోంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు "చెప్పామా, బరువులెత్తొద్దని" అంటారు. బరువు మీద ఈ అపవాదు వేయించింది మన చేతకాని నేర్పుడే.

డెడ్‌లిఫ్ట్ నేర్పడం బ్రహ్మవిద్య కాదు. బార్ పాదం మధ్యకు పైన, మోకాలి కింది ముందు ఎముకకు ఆనేంత దగ్గరగా ఉండాలి. నడుం వంచకుండా తుంటి దగ్గర మడవాలి, పిరుదులు వెనక్కి వెళ్లాలి. ఊపిరి పొట్టలోకి నింపి బిగించాలి. చేతులతో లాగడం కాదు, కాళ్లతో నేలను తొక్కాలి. ఇది చెప్పడానికి పది నిమిషాలు, ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు. ఆ పది నిమిషాలు లేని కోచ్‌కి ప్రోటీన్ డబ్బా అమ్మడానికి మాత్రం అరగంట దొరుకుతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఖాళీ బార్‌తో మొదలుపెట్టండి. అది కూడా ఇరవై కిలోలు, ఎక్కువైతే ఇంకా తేలికది అడిగి తీసుకోండి. నెట్టే ప్రతి సెట్టుకూ లాగే సెట్టు ఒకటి చెయ్యండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లేని వారం ఉండకూడదు. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోండి. ఫామ్ చెడిన క్షణంలో సెట్టు ఆపండి, ఆ రెప్పును లెక్కలో వెయ్యకండి.

కోచ్‌లకు ఒకే మాట. ప్లేటు ఎక్కించే ముందు నేర్పండి. నేర్పడం రాకపోతే ముందు మీరు నేర్చుకుని రండి. అప్పటిదాకా ఆ పిల్లల దగ్గర ఫీజు తీసుకునే హక్కు మీకు లేదు.