ఏ గ్రంథమును కూడి చదువవలెను?

పదుగురు కూడి యొక గ్రంథమును చదివి, నెలకొకమారు సమావేశమై దానిని గూర్చి ముచ్చటించుకొను వాడుక నేడు మన పట్టణములందును, విదేశములందలి తెలుగువారి యిండ్లయందును కానవచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే గోష్ఠిని స్థాపించుట సులభము. గ్రంథమును నిర్ణయించుట కష్టము. ముఖ్యముగా, 1918లో మొదటి ప్రపంచయుద్ధము ముగిసిననాటినుండి 1939లో రెండవది మొదలైననాటివరకు గల యిరువదియొక్క యేండ్ల సాహిత్యమునుండి గ్రంథములను ఏరుకొనవలసివచ్చినప్పుడు గోష్ఠులు సాధారణముగా అవలంబించు పద్ధతి సరియైనది కాదని మా యభిప్రాయము. దాని దోషమెట్టిదో, విరుగుడేమో యిచట విచారింపదలచితిమి.

ఆ పద్ధతి యిట్టిది. ఎవ్వరికిని అభ్యంతరము లేని గ్రంథమును సూచింపుడని మొదట చెప్పుదురు. వెంటనే పెద్ద గ్రంథములు జాబితానుండి తొలగిపోవును. పిమ్మట అత్తమామల యెదుట కోడండ్రు మాటలాడదగని వస్తువు కలవని కొన్ని పోవును. ఒక కులమువారి మనస్సు నొచ్చునని మరికొన్ని పోవును. గ్రంథకర్త యభిప్రాయములు మనవి కావని తక్కినవియు పోవును. తుదకు మిగులునది ప్రఖ్యాతుడైన యొకనిచే రచింపబడిన పలుచని పుస్తకము. సమావేశదినమున ఒకరు ‘చాల బాగున్నది’ అందురు. రెండవవారు ‘అవును, చాల బాగున్నది’ అందురు. అంతలో కాఫీ వచ్చును. కాఫీపై మాకు ద్వేషము లేదు. కాని దానికొరకు ఒక గ్రంథమును నెలదినములు చదువ నక్కరలేదు గదా!

భజనకు తాళము కలియవలెను; గోష్ఠికి మాట తగులవలెను. అందరును ఒక్క స్వరముతో పలుకగోరుదురేని భజనమండలియే మేలు. అందు సంగీతమైనను ఉండును. ఏకాంతమున చదివి యానందింపదగిన గ్రంథములు వేలకొలది కలవు. వానికి గోష్ఠి యెందుకు? ఒంటరిగా చదివినచో సగమే తెలియునట్టిదియు, ఎదుటివాని యనుభవము తోడైనగాని పూర్తిగా బోధపడనట్టిదియు, గదిలోనివారిని రెండుగా చీల్చునట్టిదియు నగు గ్రంథమే గోష్ఠికి తగినది. అభ్యంతరము లేనిదానిని కాదు, అభ్యంతరము గలదానినే యెన్నుకొనుడని మేము చెప్పుచున్నాము.

ఈ నియమము ఏ కాలపు సాహిత్యమునకైనను వర్తించును గాని, యీ యిరువదియొక్క యేండ్ల సాహిత్యమునకు మరింతగా వర్తించును. యుద్ధముల నడిమికాలమని మన మిపుడు దానికి పేరిడితిమి. 1925లో వ్రాయుచున్నవానికి ఆ పేరు తెలియదు. వెనుక ముగిసిన యుద్ధమును మాత్రమే అతడెరుగును. ముందు రానున్నదానిని భయపడి యూహించినవారు కలరు గాని నిశ్చయముగా నెరిగినవారు లేరు. ఇక మన దేశమునకు అది శాంతికాలమే కాదు. మొదటి యుద్ధమునకు పది లక్షలకు మించిన భారతీయులను సముద్రము దాటించిరి. యుద్ధము ముగిసిన మరుసటి యేడే, 1919లో, జలియన్‌వాలాబాగున తుపాకులు మ్రోగినవి. 1921లో చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి వెలుపల పాకలు వేసికొనిరి. 1922 మొదలు 1924 వరకు మన్యము మండినది. 1930లో ఉప్పు పేర దేశమంతయు లేచినది. అట్టి కాలమున వివాహము, కులము, దేశభక్తి, దైవభక్తి, స్త్రీపురుషుల సంబంధము అనువానిలో తగవునకు రాని విషయమొక్కటియు లేదు. ఆ తగవును తొలగించి ఆ కాలపు సాహిత్యమును చదువుట, కారమును తీసివేసి ఆవకాయ తినుట వంటిది.

జర్మనీదేశపు టుదాహరణము నొక్కటి చెప్పెదము. రెమార్కు అను రచయిత యుద్ధమున తానెరిగిన దుఃఖమును ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అని ఆంగ్లమున ప్రసిద్ధమైన నవలలో వ్రాసెను. అది 1929లో గ్రంథరూపమున వెలువడి లోకమంతట చదువబడెను. బడిపంతులు దేశభక్తిని బోధింపగా, బెంచీలమీదినుండి లేచి సైన్యమున చేరిన పిల్లలు ఒక్కరొక్కరుగా రాలిపోవుటయే అందలి కథ. 1930 డిసెంబరులో దాని చలనచిత్రమును బెర్లినులో ప్రదర్శించినప్పుడు నాజీలు హాలులో అల్లరి చేసి ఆపించిరి. 1933 మే 10వ తేదీ రాత్రి ఆ గ్రంథమును, మరి పెక్కింటిని, బెర్లిను నగరపు నడివీథిలో రాశిపోసి కాల్చిరి. కాల్చినవారెవరు? చదువురాని మూకలని తలపవలదు. విశ్వవిద్యాలయముల విద్యార్థిసంఘములే దానికి పూనుకొన్నవి. చదువు వారిని కాపాడలేదు. తమ మనస్సునకు నొప్పి కలిగించు మాటను వినుట వారికి చదువు నేర్పలేదు.

జాబితానుండి ఒక పేరు కొట్టివేయుటయు, గ్రంథమును కాల్చుటయు సమానములని మేమనము. కొట్టివేసిన గ్రంథము అంగడిలో నుండనే యుండును. కాని నొప్పించు మాట మన నడుమ వినబడరాదను కోరిక మాత్రము రెండింటికిని ఉమ్మడి వేరు. ఆ వేరు మన పెరటిలో మొలచినప్పుడు అది చిన్నదని యూరకుండరాదు.

మన దేశమున ఆ పనిని ప్రభుత్వమే చేసినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో రచించిన ‘మాలపల్లి’ 1922లో వెలువడగా, మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. ఒకమారు నిషేధము సడలించి, 1936లో మరల విధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిమ్మటగాని అది తొలగలేదు. ఉత్తరదేశమున 1932లో నలుగురు యువ రచయితలు ‘అంగారే’ అను ఉర్దూ కథాసంపుటమును ప్రకటింపగా, మరుసటి సంవత్సరమే అచటి ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నలుగురిలో రషీద్ జహాన్ అను వైద్యురాలొకతె. ఆమె కథలలో నొకటి మూడు నాలుగు పుటలకు మించదు: ఢిల్లీని చూపింతునని భార్యను తీసికొనివచ్చిన భర్త, ఆమెను బురఖాలో స్టేషనున సామానుల కడ కూర్చుండబెట్టి, స్నేహితునితో వెడలిపోవును. ఆమె చూచిన ఢిల్లీ యంతయు ఆ ప్లాటుఫారమే. ఆ సంపుటమున నిట్టి కథలకును కోపగించినవారు కలరు! నిషేధించిన ప్రభుత్వము లేనాడో గతించినవి. నేడు ఆ గ్రంథములను చదువకుండ మన నాపుచున్నవారెవరు? మనమే.

ఇందుపై మూడు ఆక్షేపణములు వచ్చును. ‘గృహస్థుల యిండ్లలో చలముగారి మైదానమును చదువుటెట్లు?’ అనునది మొదటిది. ఆ నవల 1927 నాటిది. వకీలైన భర్తను విడిచి అమీరుతో వెడలిపోయిన రాజేశ్వరి తన కథను తానే చెప్పుకొనును. ఆమె చేసినది మంచిదని యొప్పుకొమ్మని మేము కోరుట లేదు. రాజేశ్వరికి స్వేచ్ఛ లభించినదా, లేక ఒక యజమానుని విడిచి మరియొకని చేత చిక్కినదా యను ప్రశ్నకు ఇరువదియేండ్ల కోడలును అరువదియేండ్ల అత్తయు ఒకే గదిలో చెప్పు సమాధానములను వినుట కంటె గోష్ఠికి ఫలమేమున్నది? చాటున చదివిన గ్రంథము చాటునే యుండిపోవును. నలుగురిలో చదివినదే విచారణకు వచ్చును.

‘మనకు విరోధమైన యభిప్రాయములు గల గ్రంథమేల?’ అనునది రెండవది. ఇది సంస్కారప్రియులైన మనవారి నోటనే తరచుగా వినబడుట విచారకరము. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ ప్రాచీనవ్యవస్థ కూలుచున్నదని దుఃఖించు గ్రంథము. అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. మేము ఆ దుఃఖమున పాలుగొనము. అయినను ఆ వ్యవస్థను ప్రేమించినవాడు దానియందేమి చూచెనో తెలియక దానిని ఖండించువాని ఖండన బలహీనము. మనవలె తలంచువారినే చదువుదుమేని, మనము సంస్కర్తలము కాము. మరియొక సంప్రదాయమునకు పూజారులము.

‘పెద్ద గ్రంథములకు తీరిక యేది?’ అనునది మూడవది. ఒక పెద్ద గ్రంథమునకు మూడు నెలలిండు. ఏడాదికి పండ్రెండు చదివితిమని చెప్పుకొనుటకంటె, ఆరు చదివి తగవులాడితిమని చెప్పుకొనుట గౌరవము.

కావున మా సూచన యిది. పరదేశ గ్రంథమును ఒంటరిగా తీసికొనక, దాని ప్రక్క స్వదేశ గ్రంథము నొకదాని నుంచుడు. రెమార్కు నవలతో మొదలిడి, దానితో వీరా బ్రిటెను 1933లో ప్రకటించిన ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ అను స్వీయచరిత్రమును చదువుడు. కాబోవు భర్తను, తమ్ముని యుద్ధమునకు పోగొట్టుకొని దాదిగా పనిచేసిన స్త్రీ కంటితో ఆ యుద్ధము వేరుగా కనబడును. వర్జీనియా ఉల్ఫు 1929లో వ్రాసిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ స్త్రీ రచన చేయవలెనన్న ఏటికి ఐదువందల పౌనులును, తనదైన గదియు కావలెనని వాదించును. దాని ప్రక్క ‘గృహలక్ష్మి’ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు కల్పలతకు శారద వ్రాసినట్లు వ్రాసిన ‘శారదలేఖలు’ ఉంచుడు. గది లేని యిండ్లలో స్త్రీలెట్లు వ్రాసిరో విచారింపవచ్చును. ముల్కురాజ్ ఆనందు 1935లో ప్రకటించిన ‘అన్‌టచబుల్’ బఖా యను పాకీ యువకుని యొక్క దినపు కథ. దాని ప్రక్క, చౌదరయ్య చేతిదెబ్బకు సంగదాసు బలియైన ‘మాలపల్లి’ నుంచుడు. ఆ రెండింటి రచయితలును అంటరానితనము ననుభవించినవారు కారు గదా యని యొకరైన అడుగవలెను. అప్పుడు జాషువగారి ‘గబ్బిలము’ తీయుడు. అది 1941 నాటిది, మన గడువు దాటినదని యెవరైన నందురేని, యూరోపుఖండపు యుద్ధముల గడియారము మన మాలపల్లెలకు పట్టదని సమాధానము చెప్పుడు.

పద్ధతిని గూర్చి మూడు మాటలు. గ్రంథమును వలదన్నవారే మొదట మాటలాడవలెను. ఆంగ్లము రానివారికి ఒకరు ప్రకరణము వెంబడి ప్రకరణము తెలుగున చెప్పవలెను; 1935లో పెదవడ్లపూడి కొల్లిపరల నడుమ కాలువపై పడవలో గ్రంథములను పల్లెలకు చేర్చిన దేశమునకు ఇది యసాధ్యము కాదు. మూడవది ముఖ్యము. ఉల్ఫు గ్రంథమును గూర్చి మగవారు హాలులో కూర్చుండి ఉపన్యసించుచుండగా, గృహిణి వంటయింట ఉప్మా కలుపుచు తలుపు చాటున వినుచున్నచో, ఆ గోష్ఠి యా గ్రంథమును చదువలేదని మా తీర్పు. ఆ దినమున ఎవరి ఫలాహారము వారు తెచ్చుకొనవలెను. గృహిణి ముందువరుసలో కూర్చుండవలెను.

చదువరులారా, వచ్చునెల సమావేశమున గ్రంథనిర్ణయము జరుగును గదా. ఎవ్వరికిని అభ్యంతరము లేని పుస్తకము పేరు వినబడినప్పుడు దానిని ప్రక్కకు నెట్టుడు. ‘అయ్యో, అది వలదు’ అని ఎవరి నోటనైన వచ్చిన పేరును వ్రాసికొనుడు. మీరు చదువవలసినది అదియే.