పదకొండు అడుగుల మూడంగుళాలు

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,



మూడు వారాల కిందట ఒక మంగళవారం, పొద్దున ఏడు దాటింది. మా వీధిలోకి ముగ్గురు వచ్చారు. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో ఎర్ర రంగు డబ్బా, మూడో అబ్బాయి చేతిలో ఫోను. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. గేటు వాళ్ళే తీసుకుని లోపలికొచ్చారు. ఇంటి పక్క సందులోకి వెళ్ళి, ముందుగది గోడ మీద నిలువునా ఒక గీత గీసి, దాని పక్కన 11-3 అని రాశారు. ఏమిటి బాబూ ఇది అంటే "వైడెనింగ్ సార్" అన్నారు. ఎవరు పంపారు అంటే "ఆఫీసు" అన్నారు. కాగితం ఏమన్నా ఉందా అని అడిగితే ఫోను పట్టుకున్న అబ్బాయి నవ్వాడు. ఫొటో తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు.

11-3 అంటే పదకొండు అడుగుల మూడంగుళాలు. ఆ గీతకు రోడ్డు వైపున ఉన్నవి ఇవి: గేటు, నీళ్ళ మీటరు, తులసికోట, వరండా, ముందుగదిలో సగం. ఆ సగంలో మా అమ్మ పోయిన మంచం ఉంది. గదిలో రెండో సగం మాత్రం మాకు మిగులుతుంది, ముందు గోడ లేకుండా.

మాస్టర్ ప్లాన్‌లో మా వీధి 60 అడుగులట. ఈ మాట మీ ఆఫీసులో అయిదుగురిని అడిగితే ఆరో మనిషి చెప్పాడు. నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసినవాణ్ణి. చిల్లర లెక్క తేడా వస్తే నిద్ర పట్టని ఉద్యోగం అది. కాబట్టి ఆ సాయంత్రమే ఎదురింటి కుర్రాణ్ణి తోడు తీసుకుని టేపు పెట్టి కొలిచాను. వీధి ఇప్పుడు కాలువ నుంచి కాలువకు 38 అడుగులు ఉంది. అరవై కావాలంటే ఇంకో 22 కావాలి. చెరి సగం అంటే పక్కకు 11. మా వైపు ఇంచుమించు ప్రతి గోడ మీదా 11-3 అనే ఉంది. సరే. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం ప్రహరీ మీద ఏముందో చూశారా? 2-6. ముప్పైఎనిమిదికి ఈ రెండూ కలపండి. 51 అడుగుల 9 అంగుళాలు. మిగతా ఎనిమిది అడుగుల మూడంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి కమిషనర్ గారూ? మళ్ళీ మా వైపు నుంచేనా? టేపు మొదలుపెట్టింది రోడ్డు మధ్య నుంచేనా? మధ్య అని ఎవరు నిర్ణయించారు? మండపం వాళ్ళ మధ్య వేరు, మా మధ్య వేరా?

అసలు వీధి వెడల్పు ఎందుకన్న మాటకు వస్తాను. ట్రాఫిక్ అంటున్నారు. బైపాస్ దగ్గర పెద్ద మాల్ లేచాక మా వీధి అడ్డదారి అయిన మాట నిజమే. కానీ మామూలు రోజుల్లో ఈ 38 అడుగుల్లో లారీ, ఆటో, ఆవు అన్నీ పడతాయి. పట్టనిది ముహూర్తం రోజుల్లోనే. మండపానికి వచ్చే కార్లు రెండు వైపులా నిలబడితే మాకు మిగిలేది పదిహేను అడుగులు. ప్లానులో ఆ మండపానికి సెల్లార్ పార్కింగ్ ఉండాలి కదా! ఉంది కూడా. అందులో బంతి భోజనాలు వడ్డిస్తున్నారు. నేనూ తిన్నాను, గుత్తొంకాయ బాగానే ఉంటుంది. ఆ సెల్లార్‌లో బల్లలు తీయించి కార్లు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది? మా అందరి ముందుగదులూ కూల్చడానికి ఎంత? ఈ రెండో లెక్క వేసినవాళ్ళు మొదటిది ఎందుకు వెయ్యలేదు?

పోనీ వెడల్పు చేస్తారు. సిటీ బస్సు వస్తుందా ఈ వీధిలోకి? ఫుట్‌పాత్ ఉంటుందా, ఉంటే దాని మీద నడవనిస్తారా, ట్రాన్స్‌ఫార్మర్ పెడతారా? బడి పిల్లలు అరవై అడుగులు ఎలా దాటాలి? ఈ ప్రశ్నలకు మీ ఆఫీసులో ఎవరి దగ్గరా డ్రాయింగు లేదు. ఎర్ర రంగు డబ్బా మాత్రం ఉంది.

మా పక్కిల్లు మరీ చిన్నది. సెంటుంబావు, అంటే అరవైన్నర గజాలు. భర్త పోయిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ముందు వెడల్పు 18 అడుగులు. మీ గీత ప్రకారం ఆవిడకు ఇరవైరెండున్నర గజాలు పోతాయి. ముప్పైఎనిమిది మిగులుతాయి. మిగిలిన దాంట్లో మళ్ళీ గోడ లేపాలంటే కొత్త ప్లాను పెట్టాలా? పెడితే ముందు మళ్ళీ సెట్‌బ్యాక్ వదలాలా? వదిలాక ఇల్లు ఉంటుందా, బాత్‌రూమ్ ఉంటుందా? వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే పాపం ఆ అమ్మాయి నిజం చెప్పింది: "నాకూ తెలీదు అంకుల్. టీడీఆర్ బాండ్ ఇస్తారనుకుంటా."

పెద్దావిడ సాయంత్రం గోడ మీంచి అడిగింది, "బాండు అంటే ఏంటి తమ్ముడూ, బ్యాంకులో మారుతుందా?" అని. మారదక్కా, ఇంకెక్కడో ఎవరో అపార్ట్‌మెంట్ కట్టేవాడు అదనపు అంతస్తు కోసం కొనుక్కుంటాడు, అతను ఇచ్చిందే రేటు అని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ బిల్డర్‌ను ఎక్కడ వెతుక్కోవాలి? మధ్యలో దూరే బ్రోకరుకు ఎంత ఇవ్వాలి? తణుకులో టీడీఆర్ బాండ్ల వ్యవహారం ఏసీబీ దాకా వెళ్ళిన సంగతి పేపర్లలో చదివినవాళ్ళమే అందరం. ఆ కాగితం ఎన్ని రెట్లకు ఇచ్చినా దాని మీద కుక్కర్ పెట్టుకోలేం. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే మార్కెట్ విలువకు సొలేషియం అని అంతే మొత్తం అదనంగా కలిపి డబ్బు ఇవ్వాలి. హైదరాబాద్ పాతబస్తీలో మెట్రో కోసం ఇళ్ళు ఇచ్చినవాళ్ళకు 2025 జనవరిలో గజానికి 81 వేల చొప్పున చెక్కులు ఇచ్చారు. అది చాలదని అక్కడివాళ్ళు గొడవ పడ్డారు, అది వేరే సంగతి. చెక్కు అయితే చేతికొచ్చింది. మాకు చెక్కా, బాండా, దండమా? అడిగి తెలుసుకునే హక్కు మాకు ఉందా, అదీ గీతకు అవతలే పోయిందా?

చట్టం గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. అయినా 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది మీ టేబుల్ మీదికి రాకుండా ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో రోడ్డు వెడల్పని 2019లో ఒక జర్నలిస్టు ఇల్లు కూల్చేశారు. 25 లక్షలు కట్టమంది కోర్టు. అక్కడితో ఆగకుండా అన్ని రాష్ట్రాలకూ వరస చెప్పింది. రోడ్డు ఇప్పుడెంత వెడల్పుందో రికార్డులు చూసి తేల్చాలి. సర్వే చేయాలి. ఆక్రమణ ఉంటే నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలు రాసి ఆర్డరు ఇవ్వాలి. వెడల్పు చాలకపోతే చట్టప్రకారం భూమి సేకరించాలి. మా వీధిలో ఆక్రమణ లేదు. అందరివీ రిజిస్టర్డ్ దస్తావేజులు, అప్రూవ్డ్ ప్లాన్లు. మరి ఈ వరసలో ఎర్ర రంగు ఎన్నో మెట్టు?

మెట్టు అన్నాను కాబట్టి ఇంకొక మాట. 1986లో మేం ఈ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్ళం. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు, దాని మీద సిమెంటు వేసుకుంటూ పోయారు. రోడ్డు వేసినప్పుడల్లా మాకు ఒక మెట్టు తగ్గింది. ఇప్పుడు గేటు తీస్తే ఒక మెట్టు దిగి ఇంట్లోకి వెళ్ళాలి. వాన పడితే వీధి నీళ్ళు మాకంటే ముందు లోపలికొస్తాయి. ప్రతి జూన్‌లోనూ గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు వేసుకుంటాం. అర్జీలు ఇచ్చాం. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ అని తవ్వి ఎనిమిది నెలలు వదిలేసినప్పుడూ ఇచ్చాం. ఆస్తి విలువను బట్టి ఇంటి పన్ను అని 2021లో మార్చినప్పుడు ఏడాదికి 15 శాతానికి మించి పెరగదు అన్నారు. ప్రతి ఏడూ పెరుగుతుందని మాత్రం అప్పుడు చెప్పలేదు. అయినా కట్టాం. చెత్త పన్నూ కట్టాం, ఎత్తేసేదాకా. సగం గది పోయాక పన్ను సగమవుతుందా? లేక అరవై అడుగుల రోడ్డు మీది ఇల్లని ఇంకా పెరుగుతుందా? నాకు తెలిసి రెండోదే.

గీతలు గీసిన మర్నాడే మూల మీద ఇడ్లీ బండిని మీ వ్యాను ఎత్తుకుపోయింది. స్టవ్, ఇడ్లీ పాత్ర, నానబెట్టిన పప్పుతో సహా. బండి నడిపే అమ్మాయి మెడలో మున్సిపాలిటీ ఇచ్చిన గుర్తింపు కార్డే వేలాడుతోంది, లామినేషన్ చేయించుకుని మరీ వేసుకుంది. కరోనా ఏడాది స్వనిధి పథకం కింద పదివేల అప్పు ఇప్పించిందీ మీవాళ్ళే. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. బండి కదపాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అందులోనే రాసి ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి కనీసం నలభై మంది వ్యాపారులే ఉండాలనీ ఉంది. ఆ కమిటీ మన ఊళ్ళో చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పగలరా? అప్పు ఇచ్చి బండి పెట్టించింది ఒక సెక్షను, బండి ఎత్తింది ఇంకో సెక్షను. ఈ రెండు సెక్షన్లకూ టీ ఒకే కొట్టు నుంచి వెళ్తుందని నాకు తెలుసు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?

నేను కోపంగా రాస్తున్నానని అనుకోవద్దు. కోపం మొదటి వారంలోనే అయిపోయింది. సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్ళి రెండు గంటలు టోకెన్ పట్టుకు కూర్చున్నాను. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, అబద్ధం ఎందుకు చెప్పాలి! శుక్రవారం ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడింది అని. వెంటనే సందులోకి వెళ్ళి చూశాను. గీత అలాగే ఉంది.

రోడ్లు వద్దనడానికి నేనెవర్ని? జీవితమంతా రోడ్డు మీదే బతికాను. ఊరు పెరుగుతుంది, రోడ్డూ పెరగాలి. ఒక్కసారి మీరు రండి. ఆదివారమైనా సరే, ముహూర్తం రోజైతే మరీ మంచిది. మధ్య ఎక్కడో మీరే నిలబడి చూపించండి. టేపు మా ఇంట్లో ఉంది.

అది వీలు కాదంటే, ఇంకొక చిన్న సంగతికైనా జవాబు ఇవ్వండి. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తున్నారు, గోడలకు సున్నం కొట్టిద్దామని మా ఆవిడ రోజూ అడుగుతోంది. ఆ గీత మీద కొట్టించవచ్చా? లేక దాని చుట్టూ వదిలి కొట్టించాలా?

ఇట్లు,
మీ 22వ వార్డు ఇంటి పన్ను చెల్లింపుదారు