పెద్దోళ్ళకి టీవీ పెట్టి వదిలేస్తే సరిపోద్దా?

మిరప కోతల టైంలో వీడికి ఆటల గోల ఏంది అనుకోవద్దు. రెండు నిమిషాలు చదవండి.

మా నాన్నకి 81. అమ్మ పోయినకాడి నుంచి మాట తగ్గింది, మతిమరుపు మొదలైంది. "నీళ్ళు కట్టావా?" అని పొద్దున్నుంచి నాలుగుసార్లు అడుగుతాడు. నాలుగోసారికి కసురుకునేవాణ్ణి. తర్వాత నాకే అన్నం సహించేది కాదు. టౌనులో డాక్టరుగారు బీపీ, షుగరు చూసి, చెవులు కూడా పరీక్ష చేయించమన్నాడు. చెవుడొచ్చి నలుగురిలో కలవకపోయినా మతి తగ్గే ప్రమాదం ఉందంట. "ఒంటరిగా వదిలెయ్యకండి" అన్నాడు. మేం చేస్తున్నది సరిగ్గా అదే. టీవీ ముందు మంచం వేసి పొలం పోయేవాళ్ళం.

సంక్రాంతికి మా తమ్ముడి కూతురు వచ్చింది. కరెంటు లేదు, ఫోనులో చార్జింగ్ లేదు. "తాతయ్యా, ఏదన్నా ఆట నేర్పు" అంది. నాన్న సుద్దముక్క తీసుకుని వసారాలో పులి-మేక గీశాడు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి ఒక్క గీత తప్పకుండా 23 కూడళ్ళూ గీశాడు! మూడు రాళ్ళు పులులు, 15 చింతపిక్కలు మేకలు. మేకలు తనే తీసుకున్నాడు. "పులినెవడైనా ఆడతాడు, మేకలతో పులిని కట్టెయ్యాలంటే ఓపికుండాలి" అన్నాడు. ఇంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

జబ్బు తగ్గిందని చెప్పట్లేదు. ఇప్పటికీ నీళ్ళ సంగతి అడుగుతూనే ఉన్నాడు. కాకపోతే సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు వస్తారని ఎదురు చూస్తున్నాడు.

2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. పుస్తకాలు చదివేవాళ్ళకి, బల్ల మీద ఆటలు ఆడేవాళ్ళకి, వాయిద్యాలు వాయించేవాళ్ళకి, నాట్యం చేసేవాళ్ళకి మతిపోయే జబ్బు తక్కువగా కనిపించింది. అయితే ఎద్దు బలంగా ఉండబట్టి దున్నుతోందా, దున్నబట్టి బలమొచ్చిందా అన్న పేచీ ఇందులోనూ ఉంది. ఉన్నా మనకి పోయేదేముంది? చింతపిక్కలకి ఖర్చా? పేకాట కూడా మెదడుకి పనే, డబ్బు పెట్టనంతవరకు. పెట్టారో, స్టేషన్‌కి మనమే పోవాలి.

ఇంకో మాట. మన గుడి మండపం బండల మీద పులి-మేక గీతలు ఉండేవి, గుర్తుందా? బాగుచేసేటప్పుడు టైల్సు పరిచాం. చందా నేనూ ఇచ్చాను, ఒక్కడం కూడా అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ముసలోళ్ళు అక్కడికి రారు, నున్నటి టైల్స్ మీద జారతామని భయం. ఆడవాళ్ళకైతే అంతకు ముందూ చోటు లేదు, వాళ్ళ వామనగుంటలు ఇంటి అరుగు మీదే. ఆ అరుగులు కూడా సిమెంటు రోడ్డులో పోయాయి.

వేపచెట్టు కింద ఒక నాపరాయి వేద్దాం. రాయి నేను తోలిస్తా. గీతలు చెక్కే మనిషి తెలిస్తే కామెంట్లో చెప్పండి. గీత ఎట్లా వెయ్యాలో మా నాన్న చెప్తాడు.