సైలెన్సర్ కూడా ఫ్యూయెల్ లైనే: నీడిల్ మీద చెయ్యి వేసే ముందు ఒక్క మాట

ఫోన్ చార్జ్ అవ్వట్లేదంటే మనం ముందు ఏం చేస్తాం? కేబుల్ మార్చి చూస్తాం. తర్వాత అడాప్టర్ మారుస్తాం. పోర్టులో దుమ్ము ఉందేమో అని టార్చ్ వేసి చూస్తాం. ఇవన్నీ అయ్యాకే బ్యాటరీ మీద అనుమానం. ఫోన్ కొన్న రోజు నుంచే ఈ ఆర్డర్ మనకి అలవాటు, ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే మనుషులు ఆదివారం పొద్దున గ్లో ఇంజిన్ ఉన్న ఆర్సీ విమానం పట్టుకుని గ్రౌండ్‌కి వస్తే మాత్రం లాజిక్ మారిపోతుంది. ఇంజిన్ ఆగిందా, చెయ్యి నేరుగా నీడిల్ వాల్వ్ మీదకే వెళ్తుంది. రెండు క్లిక్కులు అటు, మూడు క్లిక్కులు ఇటు. మళ్లీ ఆగిందా, ఇంకో రెండు. పక్కనున్న సీనియర్ అన్న వచ్చి ఇంకాస్త తిప్పుతాడు. మధ్యాహ్నానికి "ఈ ఇంజిన్ పోయింది తమ్ముడూ, కొత్తది చూసుకో" అనే తీర్పు వచ్చేస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. పోయింది అనుకున్న ఇంజిన్లలో చాలావాటికి రోగం ఇంజిన్‌లో ఉండదు. ట్యాంక్ నుంచి కార్బురేటర్‌కి, సైలెన్సర్ నుంచి ట్యాంక్‌కి వెళ్లే సిలికాన్ ట్యూబుల్లో ఉంటుంది. వేల రూపాయల ఇంజిన్‌ని పక్కన పెట్టించేది చాలాసార్లు వందలోపు దొరికే ట్యూబు ముక్క. రోగం ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు నీడిల్ తిప్పుతూ పోతే ఆ రోగం దాక్కుంటుంది, అంతే. తర్వాత అది ఇంజిన్‌ని నిజంగానే తినేస్తుంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ముందు ఒక క్లారిటీ. నేను మాట్లాడేది మెథనాల్‌తో నడిచే గ్లో ఇంజిన్ల గురించి. మనవాళ్లు ఎక్కువగా వాడే 40, 46 సైజులు ఇవే. 46 అంటే 0.46 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 7.5 సీసీ. పెట్రోల్ మోడల్ ఇంజిన్లలో చాలావాటికి కార్బురేటర్‌లోనే చిన్న పంపు ఉంటుంది కాబట్టి వాటి కథ వేరు.

గ్లో ఇంజిన్ కార్బురేటర్ చాలా సింపుల్. బైక్ కార్బురేటర్‌లో ఉన్నట్టు ఫ్లోట్ చాంబర్ ఉండదు. పంపు కూడా ఉండదు. మరి విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు ఫ్యూయెల్ ఇంజిన్ దాకా ఎలా వస్తుంది? ఇక్కడే సైలెన్సర్ పని. సైలెన్సర్ మీద చిన్న నిపుల్ ఉంటుంది, చూసే ఉంటారు. అక్కడి నుంచి ఒక ట్యూబు ట్యాంక్ పైభాగంలోని వెంట్‌కి వెళ్తుంది. ఎగ్జాస్ట్ ప్రెషర్‌లో కొంత ట్యాంక్‌లోకి చేరి ఫ్యూయెల్‌ని ముందుకు తోస్తుంది. ట్యాంక్ లోపల బరువున్న క్లంక్ ఫ్యూయెల్ ఎటుంటే అటు పడుతుంది, దాని ట్యూబు గుండా ఫ్యూయెల్ ఫిల్టర్‌కి, నీడిల్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్తుంది. ఇంజిన్ మళ్లీ ఎగ్జాస్ట్‌ని సైలెన్సర్‌లోకి పంపిస్తుంది.

అంటే ఇదొక లూప్. మనం ఎగ్జాస్ట్ వేరు, ఫ్యూయెల్ లైన్ వేరు అనుకుంటాం, నిజానికి రెండూ ఒకే సిస్టమ్. సైలెన్సర్ బోల్టు వదులైతే శబ్దం మారడంతో ఆగదు, ట్యాంక్‌లో ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పడితే ఫ్యూయెల్ తగ్గుతుంది, ఇంజిన్ లీన్ అవుతుంది. ఎగ్జాస్ట్ ఆయిల్ విమానం మీద పడకుండా సైలెన్సర్ చివర ఇరుకైన పైపు తగిలించినా అంతే, ప్రెషర్ మారి మిక్స్చర్ మారుతుంది. మార్చింది ఎగ్జాస్ట్ దగ్గర, తేడా కనిపించేది కార్బురేటర్ దగ్గర. చూసేవాళ్లకి మాత్రం తప్పంతా నీడిల్‌దే అనిపిస్తుంది.

నీడిల్‌తో కవర్ చేస్తే నష్టం ఏంటి?

"ఎలాగోలా నడుస్తుంది కదా, ఇంకో రెండు క్లిక్కులు తెరిస్తే సరిపోతుంది" అంటారు చాలామంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది బగ్ ఫిక్స్ చేయకుండా కాన్ఫిగ్ మార్చడం. టెస్టింగ్‌లో పాసవుతుంది, ప్రొడక్షన్‌లో పేలుతుంది. ఇక్కడ ప్రొడక్షన్ అంటే 200 అడుగుల ఎత్తు.

ఎందుకంటే లీక్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఉదాహరణకి క్లంక్ ట్యూబుకి మధ్యలో చిన్న పగులు ఉందనుకోండి. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు ఆ పగులు ఫ్యూయెల్‌లో మునిగి ఉంటుంది, అక్కడి నుంచి లాగినా ఫ్యూయెలే వస్తుంది, సమస్య లేదు. ట్యాంక్ సగం అయ్యాక పగులు బయటపడి గాలి పీల్చడం మొదలెడుతుంది. మీరు కింద ఎంత పర్ఫెక్ట్‌గా ట్యూన్ చేసినా అది నిండు ట్యాంక్‌కి చేసిన ట్యూనింగే. సగం ట్యాంక్‌కి అది పనికిరాదు.

ఇంకో పెద్ద విషయం. ఈ టూ స్ట్రోక్ ఇంజిన్లకి వేరే ఆయిల్ సంప్ ఉండదు. ఆయిల్ ఫ్యూయెల్‌లోనే కలిసి ఉంటుంది, మామూలుగా 15 నుంచి 20 శాతం. ఫ్యూయెల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. అంటే లీన్ అయిన ఇంజిన్‌కి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: వేడి పెరుగుతుంది, లూబ్రికేషన్ తగ్గుతుంది. పిస్టన్, లైనర్ గీతలు పడటానికి ఇంతకంటే షార్ట్‌కట్ లేదు. "ఇంజిన్ పోయింది" అన్న తీర్పు పొద్దున అబద్ధమే కావచ్చు, సాయంత్రానికి నిజమైపోతుంది.

మా గ్రౌండ్‌కి వచ్చే ఒక బీటెక్ థర్డ్ ఇయర్ కుర్రాడి విషయంలో సరిగ్గా ఇదే జరగబోయింది. సెకండ్ హ్యాండ్ 46 ఇంజిన్. ఎగిరిన ఐదు నిమిషాలు బ్రహ్మాండం, తర్వాత ఆగిపోతుంది. వరసగా మూడు వారాలు. కంప్రెషన్ పోయింది, లైనర్ సెట్ మార్చాలి అన్నారు. వాడు ఆముదం తాగిన మొహం పెట్టుకుని విమానం అమ్మేద్దామనుకున్నాడు. ట్యాంక్ బయటకి తీసి చూస్తే, లోపల ఇత్తడి గొట్టం అంచు పదునుగా ఉండి దానికి తొడిగిన సిలికాన్ ట్యూబుని కోసేసింది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, వంచి చూస్తే నోరు తెరిచింది. ఆ అంచుని ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి కొత్త ట్యూబు తొడిగాం. అదే ఇంజిన్, అదే లైనర్. ఇప్పటికీ ఎగురుతోంది.

లక్షణం చూసి ఎక్కడ వెతకాలి?

ట్యూబులో బుడగలు కనిపిస్తున్నాయా? సన్నటి నురగలా ఉంటే వైబ్రేషన్ వల్ల ట్యాంక్‌లో ఫ్యూయెల్ నురగ కడుతోందని అర్థం. ట్యాంక్ చుట్టూ మెత్తటి ఫోమ్ పెట్టి, బాడీకి నేరుగా తగలకుండా చూడండి. ప్రొపెల్లర్ బ్యాలెన్స్ కూడా చెక్ చేయండి. విడివిడిగా పెద్ద బుడగలు వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. కొన్ని ఇంజిన్లలో వేళ్లకి సేఫ్టీ కోసం నీడిల్‌ని వెనక పెట్టి, అక్కడి నుంచి కార్బురేటర్‌కి ఇంకో చిన్న ట్యూబు ఇస్తారు. ఆ ముక్కని అందరూ మర్చిపోతారు.

కింద బాగుండి, ముక్కు పైకెత్తగానే ఆగిపోతోందా? మొదటి అనుమానం క్లంక్ మీద. గట్టి ల్యాండింగ్‌లో అది ముందుకి మడతపడి అక్కడే ఇరుక్కుపోతుంది. ట్యాంక్ ఊపితే లోపల టకటక వినిపించాలి. క్లంక్ వెనక గోడని తాకకుండా కొంచెం గ్యాప్ కూడా ఉండాలి. రెండో అనుమానం ట్యాంక్ ఎత్తు మీద. ట్యాంక్ మధ్యభాగం దాదాపు నీడిల్ ఎత్తులో ఉండాలి.

సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లటి జిడ్డు ఉందా? అక్కడ ఎగ్జాస్ట్ లీక్ అవుతోంది. వేడికి బోల్టులు వదులవడం మామూలే. ఇంజిన్ చల్లారాక బిగించండి, గ్యాస్కెట్ చూడండి.

నెలల తర్వాత బయటకి తీసిన ఇంజిన్ పవర్ లేకుండా వేడెక్కుతోందా? ఫ్యూయెల్‌లో ఆముదం ఉంటే అది వేడికి మాడి, గట్టిపడి, వార్నిష్‌లా పేరుకుపోతుంది. మన నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదమే, కాకపోతే జిగురు తీసిన గ్రేడ్ వాడతారు. తలకి రాసుకునే సీసా తెచ్చి పోసేయకండి. ఆ పొర సైలెన్సర్ దారిని ఇరుకు చేస్తుంది. నిపుల్ రంధ్రం అసలే సన్నం, అది పూర్తిగా మూసుకుపోతే ట్యాంక్‌కి ప్రెషరే ఉండదు. సన్నటి తీగతో పొడిచి చూడండి.

ఫ్యూయెల్ నింపాక ప్రొపెల్లర్ గట్టిగా పట్టేసిందా? బలవంతంగా స్టార్టర్ పెట్టొద్దు. ట్యాంక్ నిండి పొంగినప్పుడు ఫ్యూయెల్ ప్రెషర్ ట్యూబు గుండా సైలెన్సర్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్లి ఉండొచ్చు. ద్రవం నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, విమానం తిరగేసి, ఫ్యూయెల్ బయటకి పోనివ్వండి. నింపేటప్పుడు ప్రెషర్ ట్యూబుని సైలెన్సర్ నుంచి తీసేస్తే ఈ గొడవే ఉండదు.

నేను ఫాలో అయ్యే ఆర్డర్

ఇంజిన్ ఆపేసి, టేబుల్ మీద పెట్టి చేసే పని ఇది. ముందు బయటి ట్యూబులు వంచి, సాగదీసి పగుళ్లు చూడాలి. తర్వాత ఖాళీ ట్యాంక్ బయటకి తీసి, ఒక లైన్ తప్ప మిగతావి మూసేసి, సిరంజితో మెల్లగా గాలి పంపుతూ నీళ్లలో ముంచాలి. సైకిల్ ట్యూబుకి పంక్చర్ చూసినట్టే, స్టాపర్ దగ్గర లీక్ ఉన్నా బుడగ చెప్పేస్తుంది. లోపలి క్లంక్ ట్యూబుని మాత్రం విడిగా తీసి చూడాలి. ఆ తర్వాత ఫిల్టర్, సైలెన్సర్ బోల్టులు, నిపుల్. తర్వాత కొత్త గ్లో ప్లగ్, ఎలాగూ అది అరిగే వస్తువే. ఇవన్నీ అయ్యాక, అప్పుడు నీడిల్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

నీడిల్ సెట్ అయిందో లేదో చూడటానికి ఫుల్ థ్రాటిల్‌లో ఫ్యూయెల్ ట్యూబుని ఒక్క క్షణం నొక్కి వదలండి. స్పీడ్ కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే మిక్స్చర్ కాస్త రిచ్‌గా ఉంది, మనకి కావాల్సింది అదే. పెరగకుండా నేరుగా పడిపోతే లీన్. ఈ పని ఎప్పుడూ ప్రొపెల్లర్ వెనక నుంచే చేయండి, విమానాన్ని ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి. నిమిషానికి పది వేల సార్లకి పైగా తిరిగే బ్లేడుకి వేలు, కర్ర అన్న తేడా తెలియదు. అనవసరంగా నీడిల్ తిప్పొద్దు అనడానికి ఇది కూడా ఒక కారణం. నడుస్తున్న ఇంజిన్ దగ్గర చెయ్యి ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

రెండు ఎదురు ప్రశ్నలు

"వాతావరణం మారితే నీడిల్ తిప్పాలి కదా?" తిప్పాలి, కాదనను. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, మిక్స్చర్ కొంచెం రిచ్ అవుతుంది, ఒకటి రెండు క్లిక్కులు మూయాల్సి రావచ్చు. కానీ పోయిన వారం ఉన్న సెట్టింగ్‌కి నాలుగైదు క్లిక్కులు తేడా వచ్చిందంటే నా దృష్టిలో అది వాతావరణం కాదు. ఎక్కడో ఏదో వదులైంది, వెతకండి.

"బ్రష్‌లెస్ మోటర్, లైపో బ్యాటరీ ఉండగా ఈ తలనొప్పి ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను కూడా ఎలక్ట్రిక్కే చెప్తా. మెథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు కూడా, పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచడం చిన్న బాధ్యత కాదు. కానీ కాలేజీ ల్యాబుల్లో, అన్నయ్యల అటకల మీద "పాడైపోయింది" అని పడున్న గ్లో ఇంజిన్లు బోలెడు. వాటిని కుర్రాళ్లు తక్కువ ధరకి కొంటున్నారు. వాళ్లకి కొత్త లైనర్ కొనమని చెప్పడం ఈజీ. ట్యాంక్ తీసి చూపించడానికి అరగంట పడుతుంది.

సీనియర్లకి నా రిక్వెస్ట్ ఇదే. ఈసారి ఎవరైనా "అన్నా, ఇంజిన్ ఆగిపోతోంది" అని వస్తే నీడిల్ మీద చెయ్యి వేయకండి. "ట్యూబులు ఎప్పుడు మార్చావ్?" అని అడగండి. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.