మోగని మట్టినే ముందుగా అనుమానించండి

మొన్న సంక్రాంతికి మా బంధువుల పాత ఇంట్లో ఒక వేడుక జరిగింది. పట్నం నుంచి వచ్చిన మనుమడు తనతో ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. తాతల నాటి కాణీలో, ఎప్పుడో జారిపోయిన నాయనమ్మ ముక్కుపుడకో దొరకకపోతుందా అని ఇంటిల్లిపాదీ పెరట్లోకి దిగారు. ఆ పెరడు ముప్పై ఏళ్లుగా పాత సామాన్లకు నిలయం. విరిగిన రేకులు, తుప్పు పట్టిన డబ్బాలు, పాత బ్యాటరీ, సైకిల్ చక్రాలు అన్నీ అక్కడే. సాయంత్రానికి దొరికినవి గుప్పెడు మేకులు, రెండు సీసా మూతలు, ఒక గడియ. వాటితో పాటు ఒక గాయం కూడా. పలుగు పట్టుకొని సాయపడుతున్న తాతగారి అరికాలిలో మేకు దిగింది.

పిల్లల టీకాల కార్డులు తల్లుల బీరువాలలో భద్రంగా ఉన్నాయి. అరవై ఎనిమిదేళ్ల ఆ పెద్దాయన చివరిసారి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

డిటెక్టర్ పట్టుకొని తిరగడం తప్పని నేను అనను. ఎండలో నాలుగడుగులు నడవడం, వంగి లేవడం ఒంటికి మంచిదే. అయితే చెత్త నిండిన పెరట్లో ఆ యంత్రాన్ని నమ్ముకొని తవ్వడం మాత్రం తెలివైన పని కాదని నా అభిప్రాయం. యంత్రం లోహం ఉన్నదని చెబుతుంది గాని, ఆ మట్టిలో ఇంకేమున్నదో చెప్పదు.

దాని పనితీరు కొంచెం తెలుసుకుందాం. యంత్రం అడుగున ఉన్న తీగచుట్ట నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని ప్రభావానికి లోహంలో స్వల్ప విద్యుత్ ప్రవాహాలు పుట్టి తిరుగు సంకేతం ఇస్తాయి. అప్పుడు యంత్రం మోగుతుంది. చుట్టూ ఇనుప ముక్కలుంటే ఈ సంకేతాలు కలగాపులగమై, నాణెం పక్కనున్న మేకు నాణేన్ని కప్పేస్తుంది. మాత్రల పట్టీ మీది అల్యూమినియం రేకు, సన్నని బంగారు ఉంగరం ఇంచుమించు ఒకే రీతిలో మోగవచ్చు. అందువల్ల చెత్త పెరట్లో తవ్వే గోతులలో ఎక్కువ భాగం చెత్త కోసమే తవ్వినట్లవుతుంది. గొయ్యి పెరిగే కొద్దీ గాయం పాలయ్యే అవకాశమూ పెరుగుతుంది.

వైద్య చరిత్రలో దీనికి ఒక విషాద ఉదాహరణ ఉన్నది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో చిక్కుకున్న తూటాను కనుగొనడానికి టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇటువంటి యంత్రాన్నే తెచ్చాడు. మంచంలోని లోహపు స్ప్రింగులు సంకేతాలను తారుమారు చేశాయంటారు. పైగా ప్రధాన వైద్యుడు కుడివైపునే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపున ఉన్నట్లు శవపరీక్షలో తేలింది. ఈలోగా వైద్యులు శుభ్రపరచని వేళ్లతో గాయాన్ని పదేపదే కెలికారు. చీము పట్టి, ఆయన సెప్టెంబరు 19న కన్నుమూశాడు. అందరూ లోహం కోసం వెతికారు. ప్రాణం తీసినది మాత్రం యంత్రానికి వినిపించని క్రిమి.

మన పెరట్లోనూ అటువంటి క్రిమి ఉన్నది. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి తుప్పుకు ఆ శక్తి లేదు. క్లాస్ట్రీడియం టెటాని అనే క్రిమి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బ్రతికి ఉంటాయి. మేకు వాటిని గాలి సోకని లోతుకు చేరవేసే వాహనం మాత్రమే. మన పాత ఇళ్ల పెరళ్లు ఒకప్పటి పశువుల కొట్టాలు, పెంటదిబ్బలు అని గుర్తుంచుకుంటే ప్రమాదం అర్థమవుతుంది. సాధారణంగా మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు దవడలు బిగుసుకుంటాయి, మింగడం కష్టమవుతుంది, ఆపైన ఒళ్లు విల్లులా వంగుతుంది. నరాలను అంటుకున్న విషాన్ని విడదీసే మందు లేదు.

మన దేశంలో బాలింతలలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు 2015లో గుర్తింపు లభించింది. అది గర్వించదగిన విజయం. కాని మట్టిలోని బీజాలు ఎక్కడికీ పోలేదు. దేశంలో విస్తృత టీకాల కార్యక్రమం మొదలైనది 1978లో. అంతకు ముందు పుట్టిన స్త్రీలలో చాలామందికి గర్భిణులుగా ఉన్నప్పుడైనా టీకా అందింది. పురుషులకు ఆ అవకాశమూ లేదు. పలుగు, పార పట్టేదేమో తరచుగా వారే. ఇరుగుపొరుగు టీకా వేయించుకుంటే మనకు రక్షణ కలిగే జబ్బు కూడా కాదిది. ఎవరి కవచం వారే తొడుక్కోవాలి.

యంత్రం మోగనివి ఇంకా ఉన్నాయి. గాజుపెంకు మోగదు. బ్యాటరీ నుంచి కారి మట్టిలో కలిసిన సీసం ధూళి మోగదు. పసిపిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా సురక్షితం కాదు. రేకు కింద చుట్ట చుట్టుకున్న కట్లపామూ మోగదు. మరొక వింత, మోగినా తవ్వకూడనివి కూడా ఉన్నాయి. ఇంటి ఎర్తింగ్ గొట్టం, బోరు మోటారు తీగ అటువంటివే.

కాబట్టి తవ్వడానికి ముందు ఖాళీ చేయండి. పట్టపగలు, మందపాటి అడుగున్న బూట్లు, తోలు చేతితొడుగులు ధరించి, కర్రతో కదిపి చూసి సామాను తీయండి. పాత ఇనుము తుక్కు కొనేవారికి ఇచ్చేయండి. బ్యాటరీని పగలగొట్టవద్దు, అలాగే అప్పగించండి. పిల్లలను దూరంగా ఉంచి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. నిజంగానే నిధి దొరికితే, పది రూపాయల విలువ దాటినదేదైనా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నదని మరువకండి.

గాయమైతే పసుపు, సున్నం, కాఫీపొడి అద్దవద్దు. ధారగా పడే నీటితో, సబ్బుతో కడిగి అదే రోజు వైద్యుని వద్దకు వెళ్లండి. మురికి గాయానికి, చివరి టీకా వేసి అయిదేళ్లు దాటితే మరొక మోతాదు అవసరం. ఎన్నడూ వేయించుకోనివారికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. గాయం లేకపోయినా పదేళ్లకొకసారి టీడీ టీకా మంచిది.

మా పెద్దాయనకు ఆ రెండూ ఆ సాయంత్రమే అందాయి. మిగిలిన రెండు మోతాదులకు, నెలకు ఒకటి, ఆరు నెలల తరువాత మరొకటి, తేదీలు రాసిచ్చాను. క్షేమంగా ఉన్నారు. ముక్కుపుడక దొరకలేదు.

ఈ వ్యాసం చదవడం ముగించాక మీ తండ్రిగారినో, మామగారినో ఒక్క మాట అడగండి: ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారు? జవాబు దొరకకపోతే పెరడు తవ్వడం మరునాటికి వాయిదా వేసి, ముందు వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లండి.